నలభై ఒక్క కప్పులు

ఆ కోర్టులో చప్పట్లు కొట్టి తీరాలి.

ప్రతి బుధవారం బొగ్గు గనుల ఊరు స్టార్లింగ్ ఫోర్క్ కోర్టు హాల్లో, మత్తులో పడి పిల్లల్ని ప్రభుత్వానికి అప్పజెప్పాల్సొచ్చిన తల్లులూ తండ్రులూ వరసగా బెంచీల మీద కూర్చుంటారు. ఒక్కొక్కరే లేచి పేరు చెప్పాలి, మత్తు ముట్టకుండా ఎన్ని రోజులైందో చెప్పాలి. జడ్జి హోల్‌కమ్ ముందు చప్పట్లు కొడతాడు, వెనకే అందరూ కొట్టాలి. కొట్టనివాళ్ల పేరు గుమస్తా రాసుకుంటుంది. వాళ్ల బుద్ధి ఇంకా మారలేదని అర్థమట!

ఆ బుధవారం టాండి రాట్‌లిఫ్ లేచింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. కవలల్ని కన్నప్పుడు ఆస్పత్రివాళ్లిచ్చిన నొప్పి మాత్రలే ఆమెను ముంచాయి.

"టాండి రాట్‌లిఫ్. నూట అరవై మూడు రోజులు."

జడ్జి చేతులు కదలలేదు. "సోమవారం మూత్ర పరీక్షకి రాలేదు నువ్వు."

"వ్యాన్ రాలేదయ్యా. ఏ రంగువాళ్లు పరీక్షకి రావాలో పొద్దున్నే అయిదింటికి ఫోన్ చేసి విన్నా. నా రంగే పిలిచారు, పసుపు. తొమ్మిది దాకా రోడ్డు మీదే నిలబడ్డా. పద్దెనిమిది మైళ్లు, ఎలా నడిచి రాను?"

"రాకపోతే మత్తు వాడినట్టే. ఆ సంగతి నీకు తెలుసు."

"నాకు తెలుసయ్యా. వ్యాన్‌కే తెలీదు."

బెంచీల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జికి నవ్వు రాలేదు. రెండు రోజులు జైలు, నెల రోజులు పిల్లల మొహం చూడకూడదు అన్నాడు. పోలీసు వచ్చి టాండి చెయ్యి పట్టుకున్నాడు.

మూడో బెంచీలో డెల్ఫా మలిన్స్ కూర్చుని ఉంది. సోమవారం ఆ వ్యాన్ ఎక్కడుందో ఆమెకు తెలుసు. తల్లిదండ్రుల ప్రయాణానికని పక్కన పెద్ద అక్షరాలు రాసి ఉన్న ఆ వ్యాన్‌లోంచి ఆస్పత్రి దుప్పట్ల మూటలు ఎనిమిది, తాము పనిచేసే లాండ్రీ దగ్గర తన చేతులతోనే దించింది. లేచి ఒక్క మాట చెబితే చాలు. కానీ ఆరేళ్ల కూతురు రెనీ పక్క కౌంటీలో ఎవరింట్లోనో పెరుగుతోంది. బుద్ధిగా ఉంటే ఇంకో పది వారాల్లో తన ఇంటికి వస్తుంది. డెల్ఫా లేవలేదు. ఆ తర్వాత ఎవరో నలభై రోజులన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. డెల్ఫా కూడా కొట్టింది.

టాండి శుక్రవారం జైలు నుంచి బయటికొచ్చింది. ఆదివారం పొద్దున స్నానాల గదిలో చచ్చిపడి ఉంది. నూట అరవై రోజులకి పైగా మానేసిన ఒంటికి పాత మోతాదు ఎక్కితే తట్టుకోలేదు. ఏ డాక్టరైనా చెప్పగలిగే సంగతే ఇది. కానీ డాక్టరేడీ?

డాక్టరు కోసమే కదా వాషింగ్టన్ నుంచి గ్రాంటు వచ్చింది! డాక్టరుకి, మత్తు కోరిక అణచడానికి నాలుక కింద పెట్టుకునే మందుకి, వ్యాన్‌కి, మనసు విప్పించి మాట్లాడించే మనిషికి. కాంట్రాక్టు ట్రావిస్ పెండ్రీకి దక్కింది. పెండ్రీకి వైద్యం తెలీదు, లాండ్రీ తెలుసు. మూడు కౌంటీల ఆస్పత్రుల దుప్పట్లు, జైళ్ల బట్టలు ఉతికే లాండ్రీ. మందు అంటే ఒక మత్తు బదులు ఇంకో మత్తు అన్నాడు, అది ఎగిరిపోయింది. డాక్టరు బదులు నెలకోసారి టీవీలో ఒకావిడ కనబడి, నలభై మందినీ కలిపి ఎలా ఉన్నారని అడిగేది. మిగతా రోజుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లాండ్రీలో ఊడిగం. దానికి పని వైద్యమని పేరు, కాబట్టి జీతం లేదు. పనికి రాకపోతే వైద్యానికి సహకరించలేదని జడ్జికి కాగితం వెళుతుంది. పిల్లని తీసుకెళ్లి పదిహేను నెలలు దాటితే ఇక శాశ్వతంగా పరాయివాళ్లదే. గడియారం మాత్రం ఎవరి కోసమూ ఆగదు. కడుపుకోత మీద కూడా లాభం తియ్యొచ్చని కనిపెట్టినవాణ్ని ఏమనాలి?

*

టాండిని పాతిపెట్టి వచ్చాక చర్చి కింది గదిలో భోజనాలు. బీన్స్ పులుసు, మొక్కజొన్న రొట్టె. ఎవరికీ ముద్ద దిగలేదు. బుధవారం బెంచీల మీద కూర్చునేవాళ్లంతా వచ్చారు. టాండిని పెంచిన మామ్మ, ఓపల్ రాట్‌లిఫ్, గోడ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. గని సమ్మెలో బొగ్గు లారీల ముందు అడ్డంగా పడుకుని రెండుసార్లు జైలుకెళ్లి వచ్చింది.

డెల్ఫా ఆమె ముందుకెళ్లి నిలబడింది.

"మామ్మా, సోమవారం వ్యాన్ లాండ్రీలో ఉంది. మూటలు నేనే దించా. కోర్టులో నోరు మూసుకున్నా."

ఓపల్ లేచింది. చెంప మీద ఛెళ్లుమనిపించింది.

"ఇప్పుడు కూర్చో" అంది ఓపల్. "చచ్చినదానికి నీ ఏడుపెందుకు? రేపేం చేస్తావో అది చెప్పు."

నడుం విరిగి గని మానేసిన వెండెల్ కాడిల్ బల్ల గుద్దాడు. "చెప్పేదేముంది? ఇవాళే లాండ్రీ తగలబెడదాం. వాడు కూడా లోపలుంటే మరీ మంచిది."

"తగలబెట్టి నువ్వు జైలుకెళ్లు, నీ కొడుకుని పెండ్రీ పెంచుతాడు" అంది ఒకామె.

"అయితే వాషింగ్టన్‌కి రాద్దాం, గ్రాంటు ఆపెయ్యమందాం. డబ్బులు ఆగితే వాడే ఛస్తాడు" అంది ఇంకొకామె.

"ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పెట్టుకుంటామా?" ఓపల్ ఆమె మీద కసిరింది. "ఆ డబ్బు వాడి అబ్బ సొమ్మా? మన పిల్లల పేరు చెప్పి తెచ్చింది. డబ్బు ఉండాలి, డాక్టరు రావాలి, వాడు పోవాలి. గనిలో మేం అడిగిందీ అదే. గని మూసెయ్యమనలేదు, మా ఊపిరి మాకు వదలమన్నాం."

"పెద్ద మాటలు బాగానే ఉంటాయి మామ్మా. నోరెత్తితే జడ్జి పిల్లని లాక్కుంటాడు. నీకేం, నీకు పోయేదేముంది?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

అన్నాక ఆ మనిషికే తెలిసొచ్చింది ఎవరితో ఏం అన్నాడో. తల దించుకున్నాడు.

"నిజమే" అంది ఓపల్. "నాకు పోవాల్సింది పోయింది."

డెల్ఫా జేబులోంచి మడిచిన కాగితం తీసింది. వచ్చే బుధవారం వాషింగ్టన్ నుంచి ఒకావిడ వస్తోంది, గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడ్డానికి. ఆమె ముందు మాట్లాడ్డానికి ఆదర్శ తల్లిగా డెల్ఫాని ఎంచారు. చెప్పాల్సిన మాటలన్నీ పెండ్రీ ఆఫీసే రాసిచ్చింది. బాగా చదివితే రెనీని నెల ముందే ఇంటికి పంపిస్తామని జడ్జి గుమస్తా చెవిలో ఊదింది.

"చదివెయ్యి డెల్ఫా" అన్నాడు వెండెల్. "ఎవడూ నిన్ను తప్పు పట్టడు. నేనైతే చదివేసేవాణ్ని."

"టాండి పట్టదా?"

వెండెల్ చేదుగా నవ్వాడు. "ఏం చేస్తాం మరి? వాళ్లకి మన మాట అక్కర్లేదు, మన ఉచ్చే కావాలి. రోజుకో రంగువాళ్లని పిలవడం ఎందుకు, ఆవిడొచ్చిన రోజు అన్ని రంగులూ కట్టగట్టుకుని పోయి తలో కప్పూ నింపి ఇచ్చేద్దాం. కాఫీలో కలుపుకుంటారు."

చావు భోజనాల్లో నవ్వు పుట్టింది. ఆగక, కడుపు పట్టుకుని, కళ్లనీళ్లతో నవ్వారు. ఓపల్ మాత్రం నవ్వలేదు.

"అదే చేద్దాం" అంది.

*

రంగుల పద్ధతి ఎందుకంటే జనం ఒకచోట చేరకుండా. ఎర్రరంగుకి పచ్చరంగు తారసపడదు. ఎవరి భయం వాళ్లది, ఎవరి ఉచ్చ వాళ్లది. ఆ వారమంతా ఓపల్ పాత ట్రక్కు కొండ కొండకీ తిరిగింది. వస్తామన్నవాళ్లు వచ్చారు, తలుపు తీయనివాళ్ల తలుపు మళ్లీ తట్టారు.

బుధవారం ఫోన్‌లో నీలం రంగు పిలిచారు. నీలంవాళ్లు ఆరుగురే. ఎనిమిదింటికి కోర్టు మెట్ల మీద నలభై ఒక్కరు నిలబడ్డారు, అన్ని రంగులవాళ్లూ.

పరీక్ష గదిలో నర్సు తెల్లబోయింది. "ఇవాళ మీ రంగులు కాదుగా!"

"ఒంటికి రంగుల సంగతి తెలీదమ్మా, వచ్చేస్తోంది" అన్నాడు వెండెల్. "కప్పు ఇస్తావా, ఇక్కడే కానిచ్చెయ్యమంటావా?"

ఇచ్చింది పాపం. నింపిన కప్పు ఒక్కటీ ఆమెకి తిరిగి రాలేదు.

కోర్టు హాలు పక్క గదిలో అతిథికి ఫలహారం పెట్టారు. హ్యామ్ పెట్టిన రొట్టెలు, కాఫీ, తెల్లటి గుడ్డ పరిచిన పొడుగాటి బల్ల. ఆ గుడ్డ ఇస్త్రీ చేసింది డెల్ఫానే. బూడిదరంగు కోటు వేసుకున్న వాషింగ్టన్ ఆవిడ ఓ పక్క, జడ్జి హోల్‌కమ్ ఇంకో పక్క, నడుమ పెండ్రీ. పెళ్లికొడుకులా మెరిసిపోతున్నాడు.

"మా డెల్ఫా" అన్నాడు పెండ్రీ, ఆమె లోపలికి రాగానే. "రెండు వందల ఇరవై ఎనిమిది రోజులు! రా అమ్మా, నీ కథ చెప్పు."

డెల్ఫా జేబులో కాగితం ఉంది. అది తీసి చదివితే నెల్లాళ్లలో రెనీ తన పక్కలో పడుకుంటుంది. దేవుడి తోడు, ఆ క్షణాన కూడా చదవాలనిపించింది ఆమెకు. ముందు పళ్లు ఊడిన రెనీ నోరు కళ్లముందు ఆడింది.

మూత పెట్టిన కప్పు తీసి బల్ల మీద, రొట్టెల పళ్లెం పక్కన పెట్టింది.

"డెల్ఫా మలిన్స్. రెండు వందల ఇరవై ఎనిమిది రోజులు. ఇదిగో, శుభ్రం. పరీక్ష చేసుకోండి. ఈ రోజుల్లో నేను చూసిన డాక్టర్లు, సున్నా."

"ఏమిటిది?" జడ్జి లేచాడు.

వెండెల్ వచ్చి కప్పు పెట్టాడు. "తొంభై ఒక్క రోజులు. డాక్టరు సున్నా. దుప్పట్లు మాత్రం బోలెడు ఉతికా."

వెనకే ఇంకొకరు, ఆ వెనక మరొకరు. కాఫీ కెటిల్ చుట్టూ, పూలగిన్నె చుట్టూ కప్పులు. మా వంతు మేం చేశాం, మీ వంతేదీ అని ప్రతి నోరూ అడిగింది. పెండ్రీ రొట్టె చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలీక అలాగే నిలబడ్డాడు. ఆ మొహం చూడ్డానికి రెండు కళ్లూ చాలలేదు జనానికి.

ఓపల్ దగ్గర కప్పు లేదు. టాండి ఫొటో ఉంది. దాన్ని జడ్జి ముందు పెట్టింది. "నూట అరవై మూడు. దీనికి కొట్టు చప్పట్లు."

"మిస్టర్ పెండ్రీ" అంది కోటావిడ, "మీ డాక్టరు పేరేమిటి?"

పెండ్రీ టీవీ గురించి ఏదో మొదలెట్టాడు. జడ్జి అరిచాడు. పోలీసులు వచ్చారు. డెల్ఫాకి కోర్టు ధిక్కారం కింద పది రోజులు జైలు, రెనీ మీద తల్లి హక్కు తీసేసే విచారణ వచ్చే శుక్రవారం. ఒక్క ఊపిరిలో అన్నీ చదివేశాడు జడ్జి. డెల్ఫా చేతులు వెనక్కి విరిచి కట్టారు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి వెండెల్ గొంతు వినబడింది. "ఇవాళ్టి నుంచి లాండ్రీకి ఎవడెళ్తాడో చూస్తా!"

*

జైల్లో వారానికి రెండుసార్లు ఉతికిన బట్టలు ఇస్తారు. శనివారం ఇవ్వలేదు. సోమవారం కూడా లేవు.

"విడిచినవే వేసుకోండి" అంది కాపలా మనిషి వెర్నా, ముక్కు మూసుకుని. "లాండ్రీలో పురుగు కూడా లేదట. గేటు ముందు మీవాళ్లంతా కుర్చీలేసుకుని కూర్చున్నారు. మీ ముసలావిడ బాణలి పెట్టి వంట కూడా మొదలెట్టింది. ఆస్పత్రివాళ్లు గోల పెడుతున్నారు. ఆ కోటావిడేమో ఊళ్లోనే గది తీసుకుని ఇంటింటికీ తిరుగుతోంది."

డెల్ఫా తన చొక్కా వాసన చూసుకుంది. కంపు. ఇంత హాయైన కంపు పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

మంగళవారం పెండ్రీ వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. మెత్తగా మాట్లాడే మనిషి, ఇంకా మెత్తబడ్డాడు.

"వాళ్లు నీ మాట వింటారు డెల్ఫా. పనిలోకి రమ్మను. జడ్జి నా స్నేహితుడు. శుక్రవారం నీ పిల్లని నువ్వే కారెక్కించుకుని తీసుకెళ్లొచ్చు. ఆలోచించుకో."

ఆలోచించింది. అబద్ధమెందుకు, ఆలోచించింది. రెనీ బరువు ఒళ్లో తెలిసింది. గేటు ముందున్న నలభై మందిలో ఒక్కొక్కరికీ ఇలాంటి బరువే ఉంది. అది కూడా తెలిసింది.

"సరే, వాళ్లని రమ్మంటా. ముందు టాండిని తీసుకురా."

"అది నా చేతుల్లో లేదు, నీకూ తెలుసు."

"మరి నా రెనీ నీ చేతుల్లో ఎలా ఉందిరా?" డెల్ఫా లేచి నిలబడింది. "కన్నది నేను, మానింది నేను, ఉతికింది నేను. మధ్యలో నువ్వెవడివి? నీ దుప్పట్లు కుళ్లనీ. నీ వ్యాన్ తుప్పు పట్టనీ. నువ్వు టాండి కవలల ముందు మోకాళ్ల మీద కూర్చున్నా నా కసి తీరదు. పో!"

"నీ పిల్లని నువ్వే చేతులారా పోగొట్టుకుంటున్నావ్."

"పోగొట్టుకునేదాన్నైతే నీ కాగితం చదివేదాన్ని. పొమ్మన్నానా!"

వాడు పోయాక డెల్ఫా గోడకి జారగిలబడి ఏడ్చింది, వెక్కి వెక్కి, చిన్నపిల్లలా. వెర్నా తలుపు దగ్గరే నిలబడి అంతా వింది. లోపలికి వచ్చి నీళ్లిచ్చింది.

"అవతలి కౌంటీ కోర్టు కాంట్రాక్టు కూడా వీడిదే" అంది వెర్నా మెల్లగా. "మా తమ్ముడు అందులో ఉన్నాడు. పిల్లలు దూరమై పదమూడో నెల. కోళ్ల ఫ్యాక్టరీలో జీతం లేకుండా రోజూ కోళ్లు కోయిస్తున్నారు."

డెల్ఫా తలెత్తి చూసింది.

"మీ తమ్ముడిలాంటివాళ్లు అక్కడ ఎంతమంది?"

"అరవై పైనే." వెర్నా గ్లాసు తీసుకుంది. తలుపు దాకా వెళ్లి ఆగింది. "శుక్రవారం నీ విచారణ ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

"ఆ రోజు నాకు సెలవు" అంది వెర్నా. "అక్కడి అరవై మందినీ ఎక్కించి ఇక్కడికి తేవాలంటే ఒక్క ట్రక్కు చాలదు. మీ ముసలావిడకి కబురు పెడతా."