హెల్మెట్‌లోకి చేరిన నీళ్లు

తవిటమ్మ కూతురు నీరజ అంతరిక్ష కేంద్రం బయటికొచ్చి మరమ్మతు చేస్తోంది. కోల్‌కతాలో, గార్డెన్ రీచ్ తెలుగు బస్తీ జనమంతా తవిటమ్మ ఇంట్లో టీవీ ముందే ఉన్నారు. రేవులో క్రేన్ నడిపే కొడుకు జయదేవ్ ఇంగ్లీషు మాటల్ని తెలుగులో చెబుతున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఏటంతందిరా?"

"తలెనకాల తడిగా ఉందంట."

"సెమటేమో."

"కాదమ్మా. సల్లగా ఉందంట."

తాగే నీళ్ల సంచి కారుతోందేమోనన్నారు భూమ్మీదున్న నిపుణులు. నీరజ సంచిలో నీళ్లన్నీ తాగేసింది. తడి ఇంకా పెరిగింది. ఒంటిని చల్లబరచడానికి సూట్‌లో తిరిగే నీళ్లు ఎక్కడో దారి తప్పి హెల్మెట్‌లోకి వస్తున్నాయి.

"మెడ కిందకి జారిపోవా?"

"అక్కడ కిందనేది లేదమ్మా. నీల్లు ముద్దలా మొకానికి అతుక్కుంటాయి. దులిపినా పోవు."

"సేత్తో తుడుసుకోమను!"

"అద్దం లోపలికి సెయ్యెలాగ ఎల్తాది?"

నీళ్లు కళ్లను కప్పేశాయి. ముక్కు మీదికి పాకాయి. చెవుల్లోని యంత్రం తడిసి నీరజ గొంతు ఆగిపోయింది. తెర మీద తెల్లటి ఆకారం తాడును తడుముకుంటూ తలుపు వైపు కదులుతోంది. జయదేవ్ టీవీ కట్టెయ్యబోయాడు. తల్లి అతని చెయ్యి పట్టుకుంది.

"ఉంచు. దాన్నొక్కద్దాన్నీ ఒగ్గేత్తావేటి?"

నీరజ లోపలికి చేరింది. తలుపు వెనక గది గాలితో నిండేదాకా హెల్మెట్ తియ్యడానికి లేదు. తీయగానే తోటివాళ్లు తువ్వాళ్లతో ఆమె ముఖాన్ని అదిమారు. ఆమె దగ్గుతోంది. అప్పుడుగాని తవిటమ్మ జయదేవ్ చెయ్యి వదల్లేదు.

మర్నాడు నీరజ ఫోన్‌లో కనిపించింది.

"ముక్కు మూసుకుపోయిందమ్మా. నోటితో గాలి పీల్చాను. ఇంకొంచెం నీరు చేరుంటే..."

తవిటమ్మ ఆ మాటకి అడ్డుపడింది.

"మల్లీ బయటికెల్తావేటి?"

"పని మిగిలిపోయింది. ఎవరో ఒకరు ఎల్లాలి. నాకు బయమేస్తందమ్మా."

నీరజ నోట ఆ మాట తవిటమ్మ ఎన్నడూ వినలేదు. తిట్టాలని కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఆ మాటే ఆలకి సెప్పు. నువ్వు తలొంచుకుని ఊరుకుంటే, అంతా బాగుందనుకుంతారు."

నీరజ చెప్పింది. సూట్ విప్పి లోపం కనుక్కునేదాకా ఎవరినీ బయటికి పంపేది లేదన్నారు అధికారులు. పని వాయిదా పడింది. రద్దు మాత్రం కాలేదు.

జయదేవ్ ఆ సంగతి చెబితే తవిటమ్మ సరేనంది. స్నానానికి వెళ్లి తలమీద చెంబుడు నీళ్లు పోసుకుంది గాని, కళ్లు మూసుకోలేకపోయింది.