తడి తగలకూడని రెక్క

రెషిత్స పట్టణంలో మాది చిన్న వర్క్‌షాపు. జలవిద్యుత్ కేంద్రాల టర్బైన్ రెక్కలు ఇసుక నీళ్ళకు అరిగిపోకుండా మా ఆయన సబిన్ వాటి మీద మంట గన్‌తో గట్టి లోహపు పూత చిమ్ముతారు. కిందటి నెల ఒక రెక్క పూత కొస దగ్గర పెచ్చులుగా లేచిపోయింది. కారణం ఎంత వెతికినా దొరకలేదు. పూత పొడి మార్చారు, గ్యాస్ మార్చారు. ఈసారీ ఊడితే ఇక పని ఇవ్వబోమని విద్యుత్ కేంద్రం వాళ్ళు చెప్పేశారు.

ఆ ఉదయం అదే రెక్కను గాలి ఒత్తిడితో చిమ్మే ఇనుప రజనుతో మళ్ళీ కొట్టి గరుకు చేశారు. ఆ గరుకే పూతకు పట్టు. ఆ తర్వాత దాన్ని చేత్తో ముట్టకూడదు. నీటి చుక్క పడితే ఆరినా మరక మిగులుతుంది, అక్కడ పూత పట్టదు. మళ్ళీ కొడదామంటే అంచు అప్పటికే పలచబడింది.

ఆయన గన్ అందుకునేసరికి అత్తగారు ఫాదర్ నికిఫోర్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. మర్నాడు బొబోతాజ పండగ; ముందురోజు ఫాదర్ ఇంటింటికీ వచ్చి పవిత్ర జలం చల్లుతారు. సాయంత్రం వస్తారనుకున్న ఫాదర్ ముందే వచ్చేశారు. తులసి కట్టను బకెట్‌లో ముంచి తలుపు మీద, కంప్రెసర్ మీద చల్లుతూ రెక్క దాకా వచ్చారు. తల్లి ముందు సబిన్ నోరెత్తరు. నావైపు చూశారు.

నేను తెచ్చిన రొట్టె బల్ల మీద పెట్టి, రెక్కకు అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకోవే ఒతీలియా. ఇది నీ వంటిల్లు కాదు," అన్నారు అత్తగారు.

"పూత అయ్యాక బకెట్ మొత్తం కుమ్మరించండి అత్తయ్యా. ఇప్పుడు మాత్రం వద్దు."

ఫాదర్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తులసి కొసల నుంచి నీళ్ళు నా బూట్ల మీద కారుతున్నాయి.

"ఈ నీళ్ళు ఫాదర్ చేత్తోనే పడాలి," అన్నారు అత్తగారు పట్టుదలగా. "కిందటిసారి పూతకు ముందు, ఇంట్లో దాచిన సీసా నీళ్ళు నేనే చల్లాను. అవి చాల్లేదు."

సబిన్ గన్ కింద పెట్టారు. అరుస్తారేమోనని భయపడ్డాను.

"ఎక్కడ చల్లావమ్మా?" అని మెల్లగా అడిగారు.

ఆవిడ చెయ్యెత్తి రెక్క కొసను చూపించారు. చూపించిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కొడుకు ముఖం చూశాక ఆవిడకు ఎవరూ ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది.

ఫాదర్ చేతిలోంచి తులసి కట్టను అత్తగారే తీసుకుని, చుక్క జారకుండా శాలువా కింద పట్టుకుని బయటికి నడిచారు.

సబిన్ గన్ వెలిగించారు.