కొత్త బ్రాంచి ఆహ్వానపత్రిక

ఆటోనగర్‌లో లారీలకు వైరింగు పని చేసే అలీ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, చెయ్యి కడుక్కోకముందే బీరువా మీదున్న అట్టపెట్టె దించాడు. ఒక లారీ తలుపు గడగడలాడుతోందని డ్రైవరు పొద్దుట్నుంచీ గోల పెడుతున్నాడు. రెండువైపులా జిగురుండే ఫోమ్ టేపు ఆ పెట్టెలో ఉందని అలీకి గుర్తొచ్చింది. కావలసినంత కత్తిరించుకుని జేబులో పెట్టుకుంటుంటే అతని భార్య ఫౌజియా వంటింట్లోంచి వచ్చింది.

“అది ఎవర్నడిగి తీశారు?”

“అడిగేదేముంది? ఊరికే పడుంది కదా.”

“పడుంటే పడుండనీండి. అక్కడ పెట్టేయండి.”

ఆ గొంతు విని అలీ టేపు ముక్క పెట్టెలో వేసి కంచం ముందు కూర్చున్నాడు.

ఆ పెట్టె ఇంటికొచ్చి ఏడాది కావస్తోంది. రెండు వేల నాలుగో సంవత్సరం ఎండాకాలంలో ఒకరోజు న్యూస్‌పేపరు మడతలోంచి పసుపురంగు పాంప్లెట్ జారిపడింది. ‘చేతిపూలు హోమ్ క్రాఫ్ట్స్. ఇంట్లో కూర్చుని గ్రీటింగు కార్డులు చేయండి. మీరు చేసిన ప్రతి కార్డూ మేమే కొంటాం’ అని ఉంది. పటమటలో ఒక మందుల షాపు పైగదిలో ఆఫీసు. డిపాజిట్టు కట్టినవాళ్లకు ట్రైనింగూ ఇచ్చారు, కిట్టూ ఇచ్చారు. ఫౌజియా చీటీ పాడిన డబ్బు తీసుకెళ్లి కట్టింది. పక్క వాటాలో ఉండే తెరేసమ్మ కూడా కట్టింది. ఆమె నర్సింగ్‌హోములో ఆయాగా చేసి, మోకాళ్ల నొప్పులతో మానేసిన మనిషి.

పెట్టె తెరిచిన రోజు ఫౌజియాకు ఇంకా గుర్తే. రంగురంగుల అట్టలు, బంగారురంగు కాగితం, మెరుపుపొడి డబ్బాలు, సాటిన్ రిబ్బన్లు, అక్షరాల స్టెన్సిల్, నొక్కితే పువ్వులూ ఆకులూ చంద్రవంకలూ తెగిపడే పంచ్‌లు. చిన్నప్పుడు ఎవరో ఒకరి చేతిలో చూసి ఆశపడిన వస్తువులన్నీ ఒకేసారి తన ఒళ్లో పోసినట్టయింది. ట్రైనింగులో నేర్పినవి రెండు రోజుల్లో వచ్చేశాయి. తర్వాత తనే కొత్త రకాలు చేసింది. చంద్రవంక పంచ్‌తో తెల్లకాగితం తెంపి, ఒకదాంట్లో ఒకటి దూర్చి మల్లెమొగ్గలు చేసింది. వాటిని ఆకుపచ్చ దారంతో మాల కట్టి కార్డు మీద అంటించింది. అత్తగారు ఆమినాబీ కళ్లజోడు పెట్టుకుని చూసి, “వాసన కూడా వస్తుందేమోనే” అని ముక్కు దగ్గర పెట్టుకుంది.

కార్డులు ఆఫీసుకు తీసుకెళ్తే, కంపెనీ పెట్టిన శ్రీహరి మాత్రం స్కేలు తీసి కొలిచాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట.

“ఫినిషింగ్ బాగోలేదు చెల్లెమ్మా. ఇంకా చెయ్యి తిరగాలి.”

“ఎక్కడ బాగోలేదో చెప్పండి సార్, దిద్దుకుంటాను.”

“ఓవరాల్‌గా లేదు.”

కార్డులు తిరిగి ఇమ్మంటే ఇవ్వలేదు. రిజెక్ట్ మాలు బయటికెళితే కంపెనీ పేరు చెడిపోతుందనీ, చింపేస్తామనీ చెప్పాడు. ఫౌజియా మళ్లీ చేసింది. మళ్లీ రిజెక్ట్. అలా వర్షాకాలం పోయింది, చలికాలం పోయింది. ఒక దశలో ఆమె రోటీ చేస్తూ చేస్తూ తన వేళ్ల వైపు చూసుకునేది. వీటికి ఏమీ చేతకాదేమో అనుకునేది. చివరికి పెట్టె మూసి బీరువా మీద పెట్టేసింది.

తెరేసమ్మకు అంత బాధ లేదు. “కొనకపోతే మానె. సామాను మనదేగా” అని తన కిట్టును ఇంటికి వాడేసింది. ఎర్ర వెల్వెట్ కాగితాన్ని గుండ్రటి పంచ్‌తో తెంపి వీధిలో ఆడవాళ్లందరికీ బొట్టుబిళ్లలు చేసిచ్చింది. రిబ్బన్లు మనవరాళ్ల జడలకెక్కాయి. స్టెన్సిల్‌తో ఇంటి నంబరు గేటు మీద రాసుకుంది. మెరుపుపొడి క్రిస్మస్ నక్షత్రానికి పూసింది. “నువ్వూ వాడుకోవే” అంటే ఫౌజియా ఒప్పుకునేది కాదు. వాడేస్తే అతను చెప్పింది నిజమేనని తనూ ఒప్పుకున్నట్టు ఉంటుందని ఆమెకు లోపల అనిపించేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

అలీ టేపు తీసిన వారంలోనే తెరేసమ్మ చెల్లెలి కూతురి పెళ్లి కుదిరింది. పెళ్లికి ఇవ్వడానికి గ్రీటింగు కార్డు కొందామని ఆమె బీసెంట్ రోడ్డుకు వెళ్లింది. తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే ఫౌజియా ఇంట్లోకి నడిచింది.

“ఇది చూడు.”

ఫౌజియా చూసింది. మల్లెమొగ్గల మాల. ఆకుపచ్చ దారం. ఒక మొగ్గ చివర తను పొరపాటున గోరుతో నొక్కిన గీత కూడా అలాగే ఉంది. వెనక ధర స్టిక్కరు.

“ఎక్కడ దొరికింది అక్కా?”

“ఫ్యాన్సీ షాపులో. స్టాండు నిండా ఉన్నాయే. నావి కూడా ఉన్నాయి. నేను చింపేశారనుకున్నవన్నీ అక్కడ అద్దాల్లో పెట్టి అమ్ముతున్నారు.”

ఫౌజియాకు మెడ దగ్గర్నుంచి చెవుల దాకా వేడెక్కింది. తర్వాత చున్నీ సర్దుకుని, “పద అక్కా” అంది.

పైగది తలుపుకు తాళం ఉంది. బోర్డు తీసేసిన చోట గోడ తెల్లగా ఉంది. కింద మందుల షాపు జాన్‌బాబు, “ఖాళీ చేసి పోయారండీ. మీలాగే రోజూ ఎవరో ఒకరు వచ్చి అడుగుతున్నారు” అన్నాడు. కౌంటరు కింద నుంచి ఒక పాంప్లెట్ తీసి ఇచ్చాడు. అదే పసుపురంగు, అవే మాటలు. వచ్చే ఆదివారం హనుమాన్ జంక్షన్‌లో, ఒక ఫంక్షన్ హాల్లో కొత్త బ్రాంచి ప్రారంభమట.

సాయంత్రం అలీకి చెప్పింది. అతను అంతా విని, “వాడు మోసగాడని తేలిపోయిందిగా. ఇక వదిలెయ్ ఫౌజియా. వాడితో పెట్టుకుని ఏం బావుకుంటాం?” అన్నాడు.

“వదిలెయ్యనండీ.”

“పోయిన డబ్బు తిరిగి రాదు.”

“డబ్బు సంగతి ఎవరు మాట్లాడారు? నా చేతులు పనికిరావన్నాడు. అన్నాడని నేను నమ్మాను. ఇన్నాళ్లు మీ ముందూ అమ్మీ ముందూ తల దించుకుని తిరిగాను. అదే టైములో అతను నా కార్డులు అమ్ముకుంటున్నాడు. మీరేమో నా టేపు తీసి లారీ తలుపుకు అంటిస్తారు.”

అలీ అడ్డురాబోయాడు. ఆమినాబీ మంచం మీద నుంచి, “ఆ పిల్లని మాట్లాడనీ” అంది.

మర్నాడు ఫౌజియా పెట్టె దించింది. డిపాజిట్టు కట్టి మోసపోయిన ఆడవాళ్లను తెరేసమ్మ ఇంటింటికీ తిరిగి పోగేసింది. మిగిలిన సామాను ఎవరిది వాళ్లు పట్టుకొచ్చారు. చాప మీద అంతా పోస్తే మళ్లీ కొత్త కిట్టులా కుప్ప అయింది.

“పాంప్లెట్లు కొట్టిద్దాం. దొంగ వెధవ అని పెద్దక్షరాలతో వేయిద్దాం” అంది తెరేసమ్మ.

“తిట్టొద్దక్కా. తిడితే కాగితం కింద పారేస్తారు. శుభలేఖ ఇస్తే ఎవరైనా తెరిచి చూస్తారు. అతని ఫంక్షనుకు మనమే పిలుద్దాం.”

ఆదివారం లోపల సామానంతా అయిపోయేదాకా చేశారు. అంత కోపంలోనూ ఫౌజియా ఒక్క కార్డు వంకరగా పోనివ్వలేదు. మడత సరిగా రాకపోతే మళ్లీ చేయించింది. ఎవరైనా విసుక్కుంటే, “అతను స్కేలు పెట్టి కొలవాలి. కొలిచి నోరు మూసుకోవాలి” అంది. పైన మల్లెమొగ్గల మాల, బంగారురంగులో ‘శుభాహ్వానం’ అనే మాట. లోపల ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాశారు:

‘చేతిపూలు హోమ్ క్రాఫ్ట్స్ వారి కొత్త బ్రాంచి ప్రారంభానికి తమరు తప్పక విచ్చేయగలరు. ఈ కంపెనీ పటమటలో మా కార్డులను బాగోలేదని రిజెక్ట్ చేసింది. చింపేశామని చెప్పి బీసెంట్ రోడ్డులో అమ్ముకుంది. మీ చేతిలో ఉన్న కార్డు ఆ చేతులతో చేసిందే. చూసి, ఆలోచించుకుని డిపాజిట్టు కట్టండి. ఇట్లు, పటమట ఆడవాళ్లు.’

ఆదివారం పొద్దున్నే ఏలూరు బస్సెక్కారు. హనుమాన్ జంక్షన్‌లో దిగేసరికే ఫంక్షన్ హాలు ముందు షామియానా, మైకు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్ల వరస కనిపించాయి. ఫౌజియా వరస మొదట్లో, తెరేసమ్మ చివర్లో మొదలుపెట్టారు. నవ్వుతూ ఒక్కొక్కరికీ కార్డు ఇచ్చారు. అందరూ కంపెనీ వాళ్లే ఇస్తున్నారనుకున్నారు. “ఎంత బాగుందో” అని మొగ్గల్ని తడిమారు. తర్వాత తెరిచారు. చదవడం రానివాళ్లకు పక్కవాళ్లు చదివి వినిపించారు.

శ్రీహరి బయటికొచ్చాడు. ఒకామె చేతిలోంచి కార్డు లాక్కుని చదివాడు. మొహం మాడినా గొంతు మాత్రం మెత్తగానే ఉంది.

“ఏంటి చెల్లెమ్మా ఇది? మా మెటీరియల్‌తో చేసి మా మీదే నింద వేస్తారా? కేసు పెట్టాల్సొస్తుంది.”

“డిపాజిట్టు కట్టి తీసుకున్న మెటీరియల్ అండీ. మీరు ముందు ఫినిషింగ్ చూడండి.”

“నువ్వు పని సరిగా చేయలేక...”

ఫౌజియా సంచిలోంచి తెరేసమ్మ కొన్న కార్డు తీసి, వెనక ధర స్టిక్కరు కనిపించేలా పైకెత్తి పట్టుకుంది.

“ఇది నేను చేసింది. మీరు చింపేశామన్నది. ఎప్పుడు చింపారండీ? అందరి ముందూ చెప్పండి.”

“అది శాంపిల్‌కి ఇచ్చిందమ్మా.”

“శాంపిల్‌కి ధర వేసి అమ్ముతారా?”

అతను మైకు వైపు తిరిగి, ఇలాంటి అసూయపరులు ప్రతిచోటా ఉంటారని మొదలుపెట్టాడు. వరసలోంచి కొందరు పక్కకు జరిగారు. కొందరు కదల్లేదు. చంకలో బిడ్డనెత్తుకున్న ఒకామె ఫౌజియా దగ్గరికొచ్చింది.

“నువ్వు చెప్పింది నిజమే కావచ్చమ్మా. నాకు చేలో పనికెళ్లే ఓపిక లేదు, బిడ్డని వదిలే దిక్కూ లేదు. ఇంట్లో కూర్చుని చేసుకునే పని నువ్విస్తావా?”

అని బిడ్డ తల్లి కార్డు పట్టుకునే లోపలికి వెళ్లిపోయింది. ఆ వీపు చూస్తుంటే ఫౌజియాకు శ్రీహరి మీద అంతకుముందు లేనంత కోపం వచ్చింది. ‘ఇంట్లో కూర్చుని’ అన్న మాటనే అతను అమ్ముకుంటున్నాడని ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. ఫౌజియా కూడా లోపలికి నడిచి, డబ్బు తీసుకుంటున్న బల్ల పక్కన నిలబడింది. డబ్బు తీస్తున్న ప్రతి మనిషి ముందూ ధర స్టిక్కరున్న కార్డు పెట్టింది. పక్కకు జరగమని అరిచినా జరగలేదు. పటమట ఆడవాళ్లంతా వచ్చి ఆమె చుట్టూ నిలబడ్డారు.

కట్టేసినవాళ్లలో ఒకరు డబ్బు వెనక్కిమ్మన్నారు. ఆ తర్వాత అందరూ అడిగారు. బల్ల ఒరిగిపోయేంత తోపులాటయింది. హాలు యజమాని ఆమోసు వచ్చి మైకు ఆపించి, “గొడవలు నా హాల్లో వద్దండీ, వీళ్లవి వీళ్లకిచ్చి బయల్దేరండి” అన్నాడు. శ్రీహరి ఇచ్చాడు. బిడ్డ తల్లి తన డబ్బు చెంగున కట్టుకుని, ఫౌజియా వైపు చూడకుండా వెళ్లిపోయింది. పటమట వాళ్లు తమ డిపాజిట్లు అడిగితే శ్రీహరి ఆ బ్రాంచి లెక్క వేరన్నాడు. కారెక్కి వెళ్లిపోయాడు.

బస్సులో తెరేసమ్మ హుషారుగా ఉంది. “మొహం చూశావా వాడిది? తెల్లచొక్కా చెమటకి తడిసిపోయింది.”

“ఇంకో ఊళ్లో ఇంకో పేరు పెట్టుకుంటాడు అక్కా.”

“అయితే ఏం చేస్తాం?”

“తెలీదు.”

రెండు రోజుల తర్వాత ఫౌజియా ఒక్కతే బీసెంట్ రోడ్డుకు వెళ్లింది. ఫ్యాన్సీ షాపు స్టాండులో ఇంకా తన కార్డులు ఉన్నాయి. షాపతనికి సంగతంతా చెప్పింది. అతను విని తల గోక్కున్నాడు.

“నేను బిల్లు మీద కొన్నానమ్మా. నాకేం తెలుసు? నువ్వు చేసి తెస్తే నీ దగ్గరే కొంటాను.”

“తెచ్చే సంగతి తర్వాత మాట్లాడదామండీ. ముందు ఇవి ఒకసారి కిందికి దించండి.”

అతను దించాడు. ఆమె సంచిలోంచి పెన్ను తీసింది. నిలబడే, కౌంటరు మీద ఒక్కో కార్డూ తిరగేసి వెనక రాయడం మొదలుపెట్టింది. ‘ఫౌజియా, పటమట.’ పెన్ను కాగితంలోకి దిగేంత గట్టిగా రాసింది. షాపతను మిగతా కార్డులు కూడా ఆమె ముందుకు జరిపాడు. తెరేసమ్మ చేసినవి వేరుగా తీసి, వాటి వెనక తెరేసమ్మ పేరు రాసింది. బేరానికొచ్చిన ఒకావిడ పక్కన నిలబడి వింతగా చూస్తోంది. ఫౌజియా పట్టించుకోలేదు. ఇంకా చాలా కార్డులు మిగిలే ఉన్నాయి.