ముంతదిబ్బ దిగే చోటు

లలితకుమారి ఉదయం ఐదింటికి లేచి ముందుగా సంపు మూత తీసి నీళ్ళు చూస్తుంది. మోటారు వేసి, ట్యాంకు నిండగానే, ఒక్క చుక్క పొర్లకముందే కట్టేస్తుంది. భర్త రాజారావు డబ్బాలో సాంబారు పోసి మూత బిగించి, ఒకసారి తలకిందులుగా పట్టుకుని చూస్తుంది. తుర్కపల్లి ల్యాబుకి అతన్ని తీసుకెళ్ళే క్యాబు ఏడున్నరకి వస్తుంది. అది మూల తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే నిలబడుతుంది. ఆ తరువాత కూతురు ధరణి గది. ధరణికి పదిహేడేళ్ళు. ఇంటర్ పరీక్షలు అయ్యాయి, నెలరోజుల్లో ఎంట్రన్సు ఉంది.

ఇవన్నీ అయ్యాక ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూస్తుంది. ముంతదిబ్బ ఏ రోజు ఎన్నింటికి దిగుతుందో, ఎన్నింటికి వెళ్ళిపోతుందో అందులో తన చేత్తో రాసి పెట్టుకుంది. వెళ్ళే సమయం కింద ఒక ఎర్ర గీత. దానికి ఇరవై నిమిషాల ముందు ఇంకో ఎర్ర గీత.

ముంతదిబ్బ సముద్రంలో ఉన్న ఇసుక దీవి. లలితకుమారి పుట్టిన ఊరి ఒడ్డు నుంచి మూడు మైళ్ళు. అటు నుంచి ఇటు నడిస్తే నూట ముప్పై అడుగులు. మనుషులెవరూ ఉండరు. మామూలు రోజుల్లో ఎంత పోటు వచ్చినా నీళ్ళు దాని నడుము దాకానే వస్తాయి. పౌర్ణమికీ అమావాస్యకీ అటూ ఇటూ రెండేసి రోజులు మాత్రం పెద్ద పోటు వచ్చి అది పూర్తిగా మునగాలి. మునిగే వేళకి దీవి అక్కడ ఉండదు. సముద్రానికి ఎంతో దూరాన, శామీర్‌పేట చెరువుకి ఇవతల, ఈ కాలనీలో, లలితకుమారి ఇంటి పక్కనున్న రెండువేల గజాల మూల ప్లాటులో ఉంటుంది. పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు. అక్కడ నీళ్ళు తీయగానే మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోతుంది.

దాని మీద సరుగుడు చెట్లు పదకొండు. ఇసుకంతా బాలబంద తీగ, దానికి ఊదారంగు పూలు. ఎర్ర పీతలు దిగీదిగగానే బొరియల్లో దూరి, కాసేపటికి కళ్ళు పైకెత్తి కాలనీ వైపు చూస్తాయి. ఉల్లంకి పిట్టలు తడి అంచు వెంబడి పరుగెత్తి, ఇసుక అయిపోయి సిమెంటు రోడ్డు మొదలయ్యే చోట టక్కున వెనక్కి తిరుగుతాయి. మాఘం నుంచి తాబేళ్ళు వచ్చి గుడ్లు పెడతాయి. పోటుకి మునిగే ఇసుకలో గుడ్డు బతకదు. ముంతదిబ్బ మీద ఏటా బతుకుతాయి.

దీవి వచ్చే రోజుల్లో కాలనీ వాళ్ళు కార్లు అటువైపు పెట్టరు. ఉప్పుగాలికి గేట్లు తుప్పు పడతాయని ఏడాదికి రెండుసార్లు రంగు వేయిస్తారు. అంతకుమించి ఎవరూ పట్టించుకోరు.

కాలనీ కాకముందు అది దుర్గాబాయి వాళ్ళ జొన్నచేను. చేను అమ్ముడుపోయాక ఆమె అదే మూల రేకుల గదిలో ఉంటూ ప్లాట్లకి కాపలా కాస్తోంది. ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే చెబుతుంది.

"మా అత్తకు అత్త కాలంల తెల్లదొర ఒకడు దిగిండంట గీ దిబ్బ మీదికెల్లి. ఓడలకు దీపం పెడ్తందుకు ఒక్కడే ఉండెటోడట. అమాస పొద్దుగాల కండ్లు తెరిస్తె సుట్టూ జొన్నశేను, గొర్లు. రొట్టె పెడితె తిన్నడు. ఇగ మల్ల ఎక్కుమంటె ఎక్కనన్నడు. నడుసుకుంట పట్నం బోయిండు."

అతని దీపస్తంభం మొదలు ఇప్పటికీ మోకాలెత్తు ఇటుకల దిమ్మగా దిబ్బ మీద ఉంది. అతని తరువాత ఎవరూ అక్కడ కాపురం పెట్టలేదు. కానీ వలవాళ్ళు ఆగుతారు. ఆగినవాళ్ళు వెళ్ళేటప్పుడు ఒక ముంత నిండా మంచినీళ్ళు ఇసుకలో మెడదాకా పాతి వెళతారు, రేపు చిక్కుకునేవాడి కోసం. పేరు అలా వచ్చింది. ఏడాదికి ఇద్దరో ముగ్గురో అలా చిక్కుకుని, భుజాన వలతో ఈ ప్లాటులో దిగుతారు. దుర్గాబాయి టీ పెడుతుంది. ఇంటికి ఫోను చేసుకుని, వేళకి మళ్ళీ ఎక్కి వెళ్ళిపోతారు.

పెద్ద తుఫాను వచ్చిన ఏడు పధ్నాలుగు మంది, ఒక మేక అలాగే దిగారు. వాళ్ళలో లలితకుమారి నాయనమ్మ ఒకరు. రాజారావుకి తుర్కపల్లిలో ఉద్యోగం రాగానే అతను కొంపల్లిలో ఫ్లాట్లు చూశాడు. ఆమె ఒప్పుకోలేదు. "ఆ మూల పక్క ఇల్లే కావాలి," అంది. వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు కూడా ధరణిని దిబ్బ మీద కాలు పెట్టనివ్వలేదు. అది వెళ్ళేముందు హారన్ కొట్టి చెప్పదు కదా.

ఆ చైత్రంలో మూల ప్లాటు రఘునందన్ అనే ఆయన కొన్నాడు. లా చదివే పిల్లలకి మూడంతస్తుల హాస్టల్ కట్టాలని ఆయన ఉద్దేశం. అమావాస్య పోట్లు అయిపోయి దీవి రాని పది రోజుల్లో జేసీబీ పెట్టి పునాది గుంతలు తవ్వించాడు. పంతులుగారు పంచాంగంలో వర్జ్యం చూశారు, రాహుకాలం చూశారు, పోటు చూడలేదు. శంకుస్థాపనకి చైత్ర పౌర్ణమి, ఉదయం తొమ్మిది పన్నెండుకి ముహూర్తం పెట్టారు.

పౌర్ణమి నాడు ఎనిమిదీ ముప్పై అయిదుకి ముంతదిబ్బ ఆ గుంతల మీదే దిగింది. ఒక పక్కకి ఒరిగింది. సరుగుడు చెట్లన్నీ రోడ్డు మీదికి వాలాయి. పంతులుగారు కొబ్బరికాయ పట్టుకుని ఎక్కడ కొట్టాలో తెలియక నిలబడ్డారు. కాంక్రీటు లారీ డ్రమ్ము తిప్పుకుంటూ గేటు దగ్గర ఆగింది.

రఘునందన్ గడియారం చూసుకున్నాడు. "ఏం పరేషాన్ గాకుండ్రి. పదిన్నరకు పోతది గద, పోయినంక కాంక్రీటు పోద్దాం."

లలితకుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మీరు పోసేస్తే మళ్ళీ ఎక్కడ దిగుతుందండీ?"

"నాకెట్ల తెలుస్తది మేడమ్? చెరువుల దిగమనండి. జింకల పార్కుల దిగమనండి. జాగకేం తక్కువ?"

"అది ఇక్కడే దిగుతుంది. ఇక్కడ చోటు లేకపోతే అక్కడే ఉండి మునుగుతుంది. దాని మీద ఎవరుంటే వాళ్ళూ మునుగుతారు."

రఘునందన్ జేబులోంచి మడత కాగితం తీశాడు. "సర్కారు లిస్టు చూడుండ్రి. ముంతదిబ్బ. జనావాసం లేదు. ఎవ్వరు లేని దిబ్బ కోసం నా ప్లాటు ఎందుకు ఆపాలె? నా హాస్టల్ల నూట ఇరవై మంది పిల్లలుంటరు."

"నీ పిల్లలకు ఇంకో జాగ దొర్కుతది బిడ్డా," అంది దుర్గాబాయి. "దీనికి దొర్కది."

"అవ్వా, నువ్వు చేను అమ్మినవ్. ఇగ ఊకో."

"చేను అమ్మిన. గిది నేను అమ్మలే. నాదైతె గద అమ్మెటందుకు."

లలితకుమారి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఓడిపోయి వెళ్ళిందనుకున్నారు. ఆమె గ్యాసు కట్టేసిందో లేదో రెండుసార్లు చూసింది. ఒక సంచీలో బియ్యం, అగ్గిపెట్టె, టార్చి, ఈల, బీపీ మాత్రలు, దూది, ఒక దుప్పటి పెట్టుకుంది. గొడుగు తీసుకుంది.

"అమ్మా, ఎక్కడికి?" అంది ధరణి.

"దిబ్బ మీదికి."

"నన్ను ఎనిమిదేళ్ళుగా చెప్పు కూడా తడపనివ్వలేదు!"

"నువ్వు రాకు. మధ్యాహ్నం పప్పు వేడి చేసుకో. చేశాక సిలిండరు దగ్గర కట్టెయ్."

ఆమె చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఇసుక ఎక్కింది. ఒరిగిన దిబ్బ మీద మెల్లగా నడిచి, ఇటుకల దిమ్మ మీద కూర్చుని గొడుగు విప్పింది. పదీ పది అయింది. దీవి వచ్చిన రోజుల్లో ఆ వేళకి ఆమె గేటు దగ్గర నిలబడి, దిబ్బెక్కి ఆడుకునే కాలనీ పిల్లలందరినీ దిగమని కేకలు పెడుతుంది. ఆ రోజు ఆమె కేక లేకుండానే పిల్లలు తమంతట తామే దిగారు.

జేసీబీ నడిపే బాలేష్ దుర్గాబాయికి మేనల్లుడు. అతనే ముందు కంగారుపడ్డాడు. "అక్కా, జల్దీ దిగుండ్రి. టైమైతాంది."

"తెలుసు బాలేష్. ఇది పదిన్నరకి వెళుతుంది. రాత్రి తొమ్మిదింటికి అక్కడ మళ్ళీ పెద్ద పోటు. ఆ లోపు మీరు కాంక్రీటు పోస్తే నాకు దిగడానికి చోటు ఉండదు. అంతే."

రఘునందన్ మొహం ఎర్రబడింది. "ఏంది మేడమ్, బెదిరిస్తున్నరా?"

"లేదండీ. టైము చెబుతున్నాను."

"ఆడపిల్ల ఉన్నది మీకు. కొంచెం సోంచాయించుండ్రి."

"ఉంది. ఆలోచించే ఎక్కాను." ఆమె గొడుగు ఎండ వైపు వంచుకుంది. "మీ కాగితంలో దిద్దుకోండి. జనావాసం ఉంది. ఒకరు."

పదిన్నరకి దీవి వెళ్ళిపోయింది. చప్పుడు లేదు. పదకొండు చెట్ల నీడ రోడ్డు మీద నుంచి తొలగి ఎండ పడింది. గుంతల్లో కాస్త తడి ఇసుక, దారి తప్పిన రెండు పీతలు మిగిలాయి.

"పొయ్యుండ్రి," అన్నాడు రఘునందన్.

లారీ డ్రైవరు బాలేష్ వైపు చూశాడు. బాలేష్ జేసీబీ ఆపి, తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "అక్క వాపస్ రావాలె గద సార్."

"నీ బండి గాకపోతె ఇంకో బండి."

"తెచ్చుకోండ్రి. ఆ బండోనికి గూడ గిదే చెప్త."

కాంక్రీటు ఎక్కువసేపు ఆగేది కాదు. లారీవాడు దూలపల్లిలో ఇంకెవరిదో పునాది ఉందని ఫోన్లో కనుక్కుని వెళ్ళిపోయాడు.

ధరణి తండ్రికి ఫోను చేసింది. "నాన్నా, అమ్మ ముంతదిబ్బకి వెళ్ళింది."

రాజారావు అడిగాడు: "గొడుగు తీసుకెళ్ళిందా?"

సాయంత్రానికి కాలనీలో సగం మంది పారలు తెచ్చి గుంతలు పూడ్చారు. రాత్రి పోటుకి దీవి తిన్నగా దిగింది. లలితకుమారి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, సిలిండరు చూసి, వేళ కాకముందే మళ్ళీ ఎక్కి కూర్చుంది. రోడ్డు చివర కారులో రఘునందన్ కూర్చుని ఉండటం ఆమె చూసింది. పెద్ద పోట్లు ఆగిపోయిన రోజు కూడా ఆమె దిగలేదు. అంటే ఇక అమావాస్య దాకా, పది రోజులు, సముద్రంలోనే.

ఆ పది రోజుల్లో తాబేటి పిల్లలు పైకొచ్చాయి. అరచేతి కన్నా చిన్నవి, నల్లనివి. ఆమె గొడుగుతో పీతలను అదిలిస్తూ, ఒక్కొక్కటీ నీళ్ళలో కలిసేదాకా వెంట నడిచింది. వలవాళ్ళు పడవ ఆపి చేపలు, నీళ్ళు ఇచ్చారు. "ఏమ్మా, ఇక్కడేం పని?" అని అడిగారు. "ఉంటున్నాను," అంది.

అమావాస్యకి ఆమె దిగేసరికి దుర్గాబాయి మూట కట్టుకుని సిద్ధంగా ఉంది. అరవై ఏళ్ళు దాటినా ఆమె సముద్రం చూసి ఎరగదు. తిరిగి వచ్చాక ఎలా ఉందని అందరూ అడిగారు. "మస్తున్నది. గని మన శెర్వు లెక్క బుద్ధిగ ఉండది. ఒక్క తాన కూసోదు," అంది. ఆ తరువాత రాజారావు సెలవు పెట్టి వెళ్ళాడు. తరువాత బాలేష్. ఎవరి వంతు ఎప్పుడో లలితకుమారి కాగితం మీద రాసి గేటుకి కట్టింది.

రఘునందన్ పట్టు వదల్లేదు. ఎవరూ లేని రోజు కోసం చూశాడు. రోజూ కారు ఆపి అద్దం దించి, "ఇయ్యాల ఎవరున్నరు?" అని అడిగేవాడు. ఎవరో ఒకరు పేరు చెప్పేవారు. అద్దం ఎత్తి వెళ్ళిపోయేవాడు. కాంక్రీటు వాళ్ళూ అదే అడిగి వెనక్కి పోయేవారు.

ఆషాఢ పౌర్ణమి పోట్లలో చివరి రోజు రాజారావు వంతు. ముందురోజే అతనికి జ్వరం పట్టుకుంది. దుర్గాబాయి మోకాళ్ళు వాచి ఉన్నాయి, బాలేష్ జేసీబీతో వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు. లలితకుమారి సంచీ సర్దుకుని గేటు దగ్గరికి వచ్చి కాగితం చూసింది. రాజారావు పేరు కొట్టేసి, పక్కన ధరణి అని రాసి ఉంది. ధరణి చేతిరాతే.

ఆమె తల ఎత్తి చూసింది. ధరణి అప్పటికే దిబ్బ మీద ఉంది.

"దిగు," అంది లలితకుమారి.

"నాన్నకి నూట మూడు జ్వరం. నువ్వు ఇంట్లో ఉండాలి."

"కౌన్సెలింగు ఈ పది రోజుల్లోనే. వెళ్ళకపోతే సీటు పోతుంది. రెండేళ్ళు చదివావు ధరణీ, రెండేళ్ళు."

"నాకు తెలుసమ్మా."

"తెలిసి ఎక్కావా?"

"ఆలోచించే ఎక్కాను."

దుర్గాబాయి చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. అప్పుడే కారు వచ్చి ఆగింది. వెనకాల గుంతలు మళ్ళీ తవ్వడానికి ఇంకో జేసీబీ, కాంక్రీటు లారీ కూడా ఉన్నాయి. రాజారావు జ్వరం సంగతి రఘునందన్ దాకా వెళ్ళినట్టుంది. అద్దం దిగింది.

"ఇయ్యాల ఎవరున్నరు?"

ఎవరూ మాట్లాడలేదు. దుర్గాబాయి లలితకుమారి వైపు చూసింది. పిల్లను దింపడానికి ఇంకా పది నిమిషాల టైముంది. రఘునందన్ ఆ మౌనం విని, రమ్మన్నట్టు లారీ డ్రైవరు వైపు చెయ్యి ఎత్తాడు.

"ధరణి," అంది లలితకుమారి. "మా అమ్మాయి ఉంది. పది రోజులు ఉంటుంది."

ఆయన ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. లారీ డ్రైవరు ఇంజను ఆపలేదు, వెనక్కి తిప్పాడు. జేసీబీ కూడా తిరిగింది.

లలితకుమారి ఇసుక అంచు దాకా వెళ్ళి సంచీ, గొడుగు కూతురి చేతికి ఇచ్చింది. బీపీ మాత్రలు తీసేసి, జ్వరం మాత్రలు పెట్టింది. ఈల ఎక్కడుందో చెప్పింది, మళ్ళీ చెప్పింది. తరువాత వెనక్కి నడిచి రోడ్డు మీద నిలబడింది. దీవి వెళ్ళేదాకా ఆమె ఒక్క కేక కూడా పెట్టలేదు.