ఊపిరుండగానే ఇంటికి

ఏ ఊరి రోగి వస్తే ఆ ఊరి మనిషైపోతుందని శైలజకి పేరు. శ్రీకాకుళంలోని ఆ ఆసుపత్రికి కొండల మీంచి సవరలొస్తారు, సరిహద్దు అవతలి నుంచి ఒడియా తప్ప మరోటి రానివాళ్ళొస్తారు, పొలాలవాళ్ళు, సముద్రంవాళ్ళు, అందరూ వస్తారు. "వీళ్ళకెంత చెప్పినా బుర్రకెక్కదు" అని మిగతా నర్సులు విసుక్కున్నవాళ్ళే శైలజ చెబితే బుద్ధిగా మాత్ర మింగేవారు. ఇందులో మంత్రమేమీ లేదు. ముందు వాళ్ళు చెప్పేది వినేది, అంతే. తల ఉత్తరం వైపుందని ముసలాయన నిద్రపోకపోతే, వార్డుబాయ్ గొణుగుతున్నా సరే, మంచం తిప్పించేది. తన మంచితనం మీద ఆమెకి కాస్త గర్వం కూడా ఉండేది. ఉండదా మరి? గజపతినగరం పక్క పల్లెలో రైతుబిడ్డ, ఎవరూ నేర్పకుండా తనంతట తాను నేర్చుకున్న విద్య అది.

దాలయ్య దిబ్బలపాలెం నుంచి వచ్చాడు. ముసలితనం వచ్చేదాకా సముద్రం మీద వేట చేసినవాడు. ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయి, రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకి గాలి చాలేది కాదు. చేరిన రోజున సూది పెట్టడానికి అడ్డొస్తోందని ఒక నర్సు అతని మణికట్టుకి సముద్రపు తల్లి గంగమ్మ పేర కట్టిన తాడు కత్తిరించబోయింది. దాలయ్య చెయ్యి గుండెలకి హత్తుకుని పసిపిల్లాడిలా గింజుకున్నాడు. శైలజ వచ్చి కత్తెర లాక్కుని, రెండో చేతికి సూది పెట్టింది. ఆనాటి నుంచి అతను ఆమెకి దాలయ్య మావ, అతని భార్య బుల్లమ్మ అత్త.

ఇక చేసేదేమీ లేదని తిరుమలరావు డాక్టరుగారు కొడుకు నవీన్‌ని పక్కకి పిలిచి చెప్పారు. ఆ మాట దాలయ్యకి ఎవరూ చెప్పలేదు గానీ, కొడుకు మొహం చూస్తే తెలియదా? శైలజ చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను ఇంటికంపీ, సిస్టరమ్మా. ఇక్కడ పోతే నన్ను లోనికి రానియ్యరు."

దిబ్బలపాలెంలో అదొక కట్టు. బయట ప్రాణం పోయిన మనిషిని ఇంటి గడప దాటించరు. రేవు ఇసకలో పందిరేసి, ఏడవాల్సిందంతా అక్కడే ఏడ్చి, అటు నుంచి అటే తీసుకుపోతారు. అలాంటి శవం గడప దాటి లోపలికొస్తే చావు కూడా వెంటే వస్తుందట. ఆ ఇంటి నుంచి వేటకెళ్ళినవాణ్ణి సముద్రం ఉంచేసుకుంటుందట. దాలయ్య అన్న కూడా అలా ఇసకలోంచే వెళ్ళిపోయాడు. వర్షంలో ఆ పందిరి కింద గొడుగు పట్టుకు నిలబడింది దాలయ్యే.

"మా ఊళ్ళో కూడా బయట పోతే వీధరుగు మీదే పడుకోబెడతారు మావా," అంది శైలజ. "నిన్ను ఊపిరుండగానే ఇంటికి చేర్చే పూచీ నాది."

ఆ మాట అనేసింది. అన్నాక ఊరుకునే మనిషి కాదు. డాక్టరుగారి దగ్గర నిలబడి ఒప్పించింది. ఆక్సిజన్ ఉన్న అంబులెన్సు మాట్లాడింది. దారిలో చూడ్డానికి మనిషుండాలని, తన సెలవు పెట్టుకుని తనే ఎక్కింది. నవీన్ మోటారు సైకిలు మీద ముందుగా వెళ్ళి ఇంట్లో పక్క సిద్ధం చేస్తానన్నాడు. బుల్లమ్మ మొగుడి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అరసవల్లి ఆటోల రద్దీ దాటేదాకా దాలయ్య బాగానే ఉన్నాడు. ఎక్కడిదాకా వచ్చామని కళ్ళతోనే అడిగాడు. శైలజ చెబుతూ వచ్చింది. ఇదిగో జీడితోటలు, ఇదిగో ఉప్పుగాలి, పీల్చు మావా, నీ గాలే. అతను నవ్వాడు కూడా. కాలవ వంతెన దాటాక బండి ఒక్క కుదుపు కుదిపింది. మాస్కు లోపల ఆవిరి పట్టడం ఆగిపోయింది. శైలజ మెడ మీద వేళ్ళు పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. లేదు. అయ్యో భగవంతుడా, సముద్రం కనిపిస్తోంది, ఎదురుగా పాలెం కనిపిస్తోంది, ఈ కాస్తలో పోవాలా!

గుండె నొక్కి లేపే ప్రయత్నం చెయ్యొద్దని అతనే ముందుగా చెప్పాడు, డాక్టరుగారూ సరేనన్నారు. ఇంకేం చేస్తుంది? బుల్లమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. శైలజ మాస్కు సర్దింది. సిలిండరు అలాగే తెరిచి ఉంచింది. దుప్పటి గుండెల దాకా లాగింది.

పాలెం మొదట్లోనే కులపెద్ద, దాలయ్యకి బావమరిది వరసైన నూకయ్య మరో నలుగురితో నిలబడి ఉన్నాడు. బండి తలుపు తీసి అడిగాడు.

"ఊపిరున్నాదా, అమ్మా?"

"ఉంది. తొందరగా లోపలికి పట్టండి," అంది శైలజ. గొంతు వణకలేదు. ఎందుకు వణకాలి? ఒక మంచి మనిషి చివరి కోరిక తీరుస్తోంది. ఎవరికి నష్టం? అప్పటికి ఆమెకి తోచింది అదే.

దాలయ్యని గడప దాటించారు. వాసం కింద పరిచిన కొత్త చాప మీద పడుకోబెట్టారు. బుల్లమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చి, మాస్కు కొంచెం ఎత్తి, నోట్లో పోసింది. శైలజ కాసేపు చెయ్యి పట్టుకుని కూర్చుని, తర్వాత మాస్కు తీసేసి, "పోయాడత్తా" అంది. నవీన్ గోడకి తల బాదుకున్నాడు. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. "అదృష్టవంతుడు, తన ఇంట్లో పోయినాడు" అన్నాడు నూకయ్య కళ్ళు తుడుచుకుంటూ.

బుల్లమ్మ ఏడవలేదు. లేచి శైలజ రెక్క పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది.

"వంతెనకాడ నా సెయ్యి ఒగ్గీసినాడు," అంది.

శైలజ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మరి అప్పుడే చెప్పలేదేంటత్తా?"

"నానూ ఆశపడ్డాను. ఇంటికి ఇంటికి అని ఎంతలా ఏడిసినాడు! నువ్వు సదువుకున్నదానివి, ఉన్నాదంటన్నావు, ఉన్నాదేమో అనుకున్నాను. నోట్లో నీల్లు పోస్తే పక్కకి కారిపోయినాయి."

"ఎవరికీ తెలీదు. నేను చచ్చినా చెప్పను."

"ఎవులికీ తెల్దని ఊరుకోడానికి గంగమ్మని మీ ఆసుపత్రోలనుకున్నావేటి?" బుల్లమ్మ గొంతులో కోపం లేదు. అదే శైలజకి భరించరానిదైంది. "నువ్వు నమ్మవు తల్లీ. మా మీద పేమతో సేసినావు, నాకు తెల్దా? నమ్మనిదానివి కాబట్టి అంత సులువుగా అనీసినావు. నాను నమ్ముతాను. దినాలయ్యాక నా గుంటడు ఏటకెల్తాడు. ఆడెల్లిన పెతీసారీ నాను ఒడ్డున కూకోని ఏటనుకోవాల? ఆడు రాకపోతే, నా సేతుల్తో నానే సంపుకున్నాననుకోనా?"

శైలజకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంతకాలం వీళ్ళ తాళ్ళనీ మొక్కుల్నీ గౌరవించానని మురిసిపోయింది కదా. పిల్లలాట మధ్యలో పెద్దలు సర్దుకుపోయినట్టు సర్దుకుపోయిందే తప్ప, ఆ భయం వీళ్ళకి ఒంట్లో ఎముకంత నిజమని ఒక్కనాడైనా అనుకుందా? లేదు. అనుకోలేదు.

"నేను చెప్తానత్తా. తప్పు నాది," అంది.

"నువ్వు సెప్తే నిన్ను తిడతారు. నానే సెప్తాను."

లోపలికి వెళ్ళి, ఏడుస్తున్నవాళ్ళందరి మధ్య నిలబడి, బుల్లమ్మ గట్టిగా అంది. "నూకయ్యా, నీ బావ దారిలో పోయినాడు. నాకు తెలుసును. ఈ పిల్ల నా మొకం సూసి సెప్పలేదు."

ఏడుపులు ఆగిపోయాయి. నవీన్ తలెత్తాడు.

"అమ్మా, ఊరుకో! నాన్న ఇంట్లోనే పోయినాడు. ఊరుకోయే!" శైలజ వైపు తిరిగాడు. "సెప్పు సిస్టరమ్మా, ఉన్నాదన్నావు కదా? సెప్పు!"

ఉందంటే తండ్రి ఈ కప్పు కిందే ఉంటాడు. అతని కళ్ళు ఆ ఒక్క మాట కోసం బతిమాలుతున్నాయి. శైలజ బుల్లమ్మని చూసింది.

"లేదు బాబూ," అంది. "వంతెన దగ్గరే పోయాడు. నేను అబద్ధం చెప్పాను."

నవీన్ చెయ్యెత్తాడు. కొట్టేవాడే. నూకయ్య పట్టుకుని ఆపాడు. ఆ పెద్దాయన శైలజని ఒక్క మాట అనలేదు. మగవాళ్ళని పిలిచి, రేవులో పందిరికి కర్రలు తెమ్మని పంపించాడు. ఇల్లు కడగడానికి పసుపునీళ్ళు కలపమన్నాడు. జనం ఒక్కొక్కరే బయటికి జరిగారు.

బుల్లమ్మ చాప పక్కన కూలబడి అప్పుడు ఏడ్చింది. "ఏటి సేసేది మావా, నీ కొడుకు కోసం నిన్ను గెంటేస్తన్నాను. నా మీద కోపం ఎట్టుకోకు. నీ ఇల్లే, నీ ఇల్లే ఇది" అంటూ అతని మొహమంతా చేతులతో తడిమింది.

నవీన్ ముందుకొచ్చి చాప తలవైపు పట్టుకున్నాడు. నూకయ్య ఒక పక్క పట్టాడు. కాళ్ళ వైపు ఎవరూ లేరు. శైలజ గోడకి ఆనుకుని, ముట్టుకోవచ్చో లేదో తెలియక, చేతులు కట్టుకు నిలబడిపోయింది.

బుల్లమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఆమె వైపు చూసింది.

"అలా సూస్తావేటి, గుంటా? లోనికి తెచ్చినదానివి నువ్వే కదా. కాల్లట్టుకో."

శైలజ వంగి దాలయ్య కాళ్ళు పట్టుకుంది. బయటికి నడిచారు.