వాడి కబీర్ కొండ మీది డబ్బా

ఫేబా మస్కట్‌లో దాచిన డబ్బాలు మొత్తం పదకొండు. ఒక్కోటి క్యారేజీ గిన్నెంత ఉంటుంది. లోపల చిన్న నోటు పుస్తకం, ఒక పెన్సిలు. దాచిన చోటు ఫోన్ యాప్‌లో గుర్తు పెడుతుంది. వెతికి పట్టుకున్నవాళ్లు పుస్తకంలో పేరు రాసి, యాప్‌లోనూ నొక్కి, డబ్బా మళ్లీ అక్కడే పెట్టి వెళ్లాలి. జియోక్యాషింగ్ అంటారు దీన్ని. ఆసుపత్రి డ్యూటీ, ఇల్లు తప్ప మరొకటి ఎరగని ఆ భీమవరం నర్సుకి ఒమాన్ కొండలనూ వాగులనూ చూపించింది ఈ ఆటే.

ఒకరోజు నాదియా అనే ఒమానీ టీచరు దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. మస్కట్‌లోని వాడి కబీర్ పేట వెనక కొండదారిలో, తన తాత గాడిదల మీద నీళ్లు మోసిన చోట ఆమె ఒక డబ్బా పెట్టాలనుకుంది. యాప్ ఒప్పుకోలేదు. రెండు డబ్బాల మధ్య కనీసం నూట అరవై మీటర్లు ఉండాలి. ఫేబా డబ్బా నూట పది మీటర్లలోనే ఉంది.

"మీదాన్ని రెండేళ్లుగా ఎవరూ చూడలేదు. తీసేస్తారా?" అని అడిగింది నాదియా.

ఫేబాకు చురుక్కుమంది. అది ఆమె పెట్టిన మొట్టమొదటి డబ్బా. కానీ యాప్ తెరిచి చూస్తే కొండ నిండా తన గుర్తులే. వాటిలో ఎవరూ రానివి నాలుగు. పెట్టడంలో ఉన్న సరదా వాటిని చూసుకోవడంలో తనకు లేకపోయింది.

"నాలుగూ తీసేస్తాను," అంది భర్త స్యాంతో.

"ఒక్క బటన్ నొక్కితే పోయేదానికి ఇంత ఆలోచనా?"

"యాప్‌లోంచి పోతుందండీ, కొండ మీంచి పోదుగా. వదిలేస్తే చెత్తే. పెట్టింది నేను, తెచ్చేదీ నేనే."

సెలవు రోజైన శుక్రవారం చర్చిలో ఆరాధన అవగానే బూట్లు వేసుకుంది. నాదియా తోడొచ్చింది. మూడు డబ్బాలు సులువుగానే దొరికాయి. మొదటిది మాత్రం దొరకలేదు. కిందటి వానలకు చరియ జారి, గుర్తున్న బండ కింద రాళ్లు కూరుకుపోయాయి.

"పోనివ్వండి, ఎండ ముదురుతోంది," అంది నాదియా.

ఫేబా వినలేదు. ఒక్కో రాయినీ పక్కకు దొర్లించింది. గోరు చిట్లింది, మెడకు చుట్టుకున్న చున్నీ చెమటతో తడిసింది. గంట తర్వాత పచ్చ మూత బయటపడింది.

పుస్తకం తెరిచి అక్కడే కూర్చుండిపోయింది. నిండా తెలుగే.

"నా పేరు దేవయ్య. కింద సైట్‌ల పని చేస్త. ఇంటికి ఫోన్ మాట్లాడనీకి ఈడికొస్తే గీ డబ్బ దొరికింది. ఎవలదో తెల్వది. ఏం తియ్యలే."

తర్వాత వారం: "బిడ్డ పరీక్ష పాసైంది." మరో వారం: "మోకాలు నొస్తున్నది. అయినా ఎక్కిన." అలా ముప్పై ఏడు శుక్రవారాలు. ఆఖరి పేజీలో ఫోన్ నంబరు. "నన్ను దూరంగ ఇబ్రి ఊరి సైట్‌కు ఏస్తున్నరు. డబ్బ ఖరాబైతే ఫోన్ చేయున్రి, కొత్తది తెస్త."

ఫేబా చదివి అర్థం చెప్పింది. నాదియా ముఖం మారిపోయింది. "అయితే దీన్ని ఉంచండి. నేను ఇంకో చోటు చూసుకుంటాను."

"వద్దు. మీ తాతగారి దారి ఇంకో చోట ఉండదుగా," అని ఫేబా ఆ నంబరుకు ఫోన్ చేసింది.

"దేవయ్య గారా? కొండ మీది డబ్బా నాదండీ."

"తప్పైందా అమ్మా? పుస్తకమంత నేనే రాసి ఖరాబు చేసిన."

"దాన్ని చూసుకున్నది మీరొక్కరేనండీ. ఇప్పుడిక్కణ్ణుంచి తీసేస్తున్నాం. ఇబ్రిలో పెడితే చూసుకుంటారా?"

"ఈడికి ఎవలొస్తరమ్మా?"

"అటువైపు డబ్బాలు చాలా తక్కువ. ఎడారి చూడ్డానికి ఆ దారిన పోయేవాళ్లూ ఉంటారు. వస్తారు."

రెండు వారాల తర్వాత స్యాం కారులో ఇబ్రి వెళ్లారు. దేవయ్య యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురొచ్చాడు. అప్పటికే మూడు చోట్లు చూసి పెట్టాడు. తోట గోడ వద్దంది ఫేబా, యజమానికి ఇబ్బంది. మసీదు దగ్గరా వద్దంది. ఊరి బయట రాళ్ల గుట్ట నచ్చింది. పాత పుస్తకం ఆయన చేతికిచ్చి, డబ్బాలో కొత్తది పెట్టింది.

"ఎవలు రాకుంటే?" అన్నాడు దేవయ్య.

"ఏడాది చూద్దాం. రాకపోతే తీసేసి ఇంకో చోట పెడదాం."

"తీసుడెందుకమ్మా? నేనొస్త గదా!"

"మీరొచ్చినట్టు నాకెలా తెలుస్తుంది? ముప్పై ఏడు వారాలు మీరొస్తే నేను ఎవరూ రాలేదనుకున్నాను. ముందు యాప్ నేర్చుకోండి," అని ఆయన ఫోన్ అందుకుని, అక్కడే రాయి మీద కూర్చుని, మొదట్నుంచి చూపించడం మొదలుపెట్టింది.