ఒత్తు లేని లారీ

మా బావకు దుమ్మంటే పడదు. నాకు మా బావంటే పడదు. అలాంటి మనిషి ఒక ఆదివారం నా గదికొచ్చి, నా కుర్చీని జేబురుమాలుతో రెండుసార్లు తుడిచి కూర్చొని, దుమ్ముకొట్టుకుపోయిన లారీ ఒకటి చేసిపెట్టమన్నాడు.

ఆర్కిటెక్టు ఆఫీసులో కట్టబోయే భవనాలకు నమూనాలు చేయడం నా ఉద్యోగం. తెల్ల అట్టలు, గాజులాంటి ప్లాస్టిక్ షీట్లు, పిడికెడు ఉత్తుత్తి చెట్లు. అన్నీ కొత్తవే, ఒక్కదానిలోనూ మనిషి బతికిన జాడ ఉండదు. ఆ విసుగు తీర్చుకోవడానికి ఇంట్లో కార్లు, లారీలు చేస్తాను, అసలు బండిలో ఇరవైనాలుగో వంతు. చేసి, పనిగట్టుకుని పాడుచేస్తాను. తుప్పు, గీతలు, నూనె మరకలు, టైర్ల మీద ఎండిన బురద. ఇదేం పిచ్చి అంటారు చూసినవాళ్ళు. పిచ్చే. కానీ దానికో నియమం ఉంది. ప్రతి మరకకూ కారణం ఉండాలి. తుప్పునీరు కిందికే కారాలి. నల్లటి జిడ్డు డీజిల్ ట్యాంకు మూత చుట్టూనే ఉండాలి. కారణం లేని మరక అబద్ధం.

అబద్ధాలలో మా బావ నాకన్నా పెద్ద పనిమంతుడు.

"కంపెనీకి ముప్పై ఏళ్ళు నిండుతున్నాయి మరదలా. రిసెప్షన్లో గాజుపెట్టెలో మన మొదటి లారీ పెడదామనుకుంటున్నా. నేను నడిపిన లారీ."

ఆ లారీ మా నాన్నది. నడుం పడిపోయేదాకా ఆయన ఒక్కడే నడిపాడు. ఆయన ఆసుపత్రిలో ఉండగా కొత్త అల్లుడి హోదాలో బావ తాళాలు తీసుకున్నాడు. డ్రైవర్లను పెట్టి తిప్పాడు, కంపెనీ అన్నాడు, రెండో లారీ రాగానే మొదటిదాన్ని పాత ఇనుము కొట్టుకు తోలించాడు. బావకు పెద్ద బండి లైసెన్సు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. పోయేదాకా నాన్న మంచంలోంచి "బండి ఎలా ఉంది?" అని అడుగుతూనే ఉన్నాడు. "బ్రహ్మాండంగా ఉంది మామయ్యా" అని బావ చెబుతూనే ఉన్నాడు. అక్క పక్కనే నిలబడి వినేది. ఒక్కనాడూ నోరు విప్పలేదు. బావను అసహ్యించుకోవడానికి నేను పెద్దగా కష్టపడలేదు. అక్కను క్షమించలేకపోవడమే ఇన్నేళ్ళూ నన్ను తినేసింది.

పొమ్మనేదాన్నే. కానీ ఆ లారీని మళ్ళీ చూడాలనిపించింది. నేను చేయకపోతే అది ఇంకెక్కడా లేదు.

"పాతగా కనపడాలి, మురికిగా ఉండకూడదు" అన్నాడు బావ. "డోరు మీద మన కంపెనీ పేరు రాయి. నీలం మీద తెల్లగా."

"అప్పుడా డోరు మీద ఉన్నది అది కాదు."

"ఇప్పుడు ఉంటుంది."

ఆ డోరు మీద ఏముండేదో నాకు తెలుసు. అక్కకు అప్పుడు ఏడేళ్ళు. అక్షరాలు కొత్తగా వచ్చాయి. కిటికీలకు వేయగా మిగిలిన పసుపు పెయింటు తీసుకుని, ఆకుపచ్చ డోరు మీద 'నాన్న లారీ' అని రాయబోయి 'నాన లారీ' అని రాసింది. ఒత్తు మరిచిపోయింది. డబ్బా పట్టుకున్నది నేనే, నాలుగేళ్ళదాన్ని, సగం నా గౌను మీదే ఒంపుకున్నాను. బండి నిలిపే షెడ్డులో మెకానిక్ ఒకాయన ఉండేవాడు, చేతిలో ఎప్పుడూ పానా ఉండేది కాబట్టి మాకు పానా బాబాయి. "లోడెక్కువై ఒత్తు దారిలో ఎక్కడో పడిపోయిందోయ్!" అని ఆయన అంటే షెడ్డంతా నవ్వింది. పెయింటరు దిద్దబోతే నాన్న ఒంటికాలి మీద లేచాడు. "ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా. అది నా కూతురు రాసింది" అన్నాడు. తర్వాత బండికి రెండుసార్లు రంగు వేయించినా, ఆ అక్షరాల చుట్టూ వేయించాడే కానీ వాటి మీద వేయనివ్వలేదు.

తొమ్మిది వారాలు పట్టింది. ప్లాస్టిక్ షీటుతో క్యాబిన్, కూల్‌డ్రింకు డబ్బా రేకుతో మడ్‌గార్డులు, తీగతో అద్దాల కడ్డీలు. సుద్దముక్కలు నూరి దుమ్ము చేశాను. స్పంజి ముక్కతో అద్ది గీతలు పెట్టాను. డ్రైవరు వైపు కిటికీ అంచు మీద జానెడు మేర రంగు అరగదీశాను. ఇరవైనాలుగో వంతులో జానెడంటే గోరంత. ఎండాకాలం ఆ రేకు కాలుతున్నా నాన్న మోచెయ్యి అక్కడి నుంచి కదిలేది కాదు.

మధ్యలో తనిఖీకి వచ్చిన బావ కన్ను సరిగ్గా దానిమీదే పడింది. "ఇక్కడ రంగు పోయింది. వెయ్యి."

"అది మోచెయ్యి ఆనించే చోటు."

"ఎవరి మోచెయ్యి?"

"నడిపినవాడిది."

"అయితే నాదే. ఉండనీ" అన్నాడు, సిగ్గన్నా లేకుండా.

కిటికీ అంచును అలాగే ఉంచి, దాని కింద డోరు పని ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. రంగు ఊడినట్టు చూపించడానికి మాకో పద్ధతి ఉంది. అడుగున తుప్పు రంగు వేసి, వార్నిష్‌తో గట్టిపరచాలి. దానిమీద జుట్టుకు కొట్టుకునే స్ప్రే కొట్టాలి. ఆపైన పైరంగు. ఆరాక తడి కుంచెతో రుద్దితే స్ప్రే కరిగి పైరంగు లేస్తుంది, అడుగున ఉన్నది బయటపడుతుంది. పని అయ్యాక మళ్ళీ వార్నిష్ కొడితే ఇక నీళ్ళకు కదలదు.

ఆ డోరు అడుగున నేను తుప్పు వేయలేదు. ఆకుపచ్చ వేసి, సన్నని కుంచెతో పసుపు అక్షరాలు రాశాను. 'నాన లారీ'. అక్క రాసినట్టే, మొదటి 'నా' వంకరగా, 'లా' కిందికి జారిపోతూ. దానికి వార్నిష్ పట్టించాను. ఆపైన స్ప్రే, బావ నీలం, బావ కంపెనీ పేరు. ఇదేదో వీరత్వం అనుకోకండి, శుద్ధ పిరికి పని. ముఖం మీద అనలేని మాటను రంగు కింద దాచుకున్నాను. బండంతా వార్నిష్ కొట్టి డోరుకు మాత్రం కొట్టలేదు. ఎందుకని నన్ను నేను అడగలేదు కూడా.

బండి తీసుకెళ్ళడానికి అక్క అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. నేను తడి కుంచెతో డోరు కింది మూల రుద్దుతున్నాను. నీలం ఆవగింజంత లేచింది.

"నీళ్ళకే ఊడిపోతుందా?" అంది.

"వార్నిష్ లేనిచోట ఊడుతుంది. నీ మొగుడి తుడుపుడు రోగం తెలిసిందేగా. డోరుకు తడి తగలనివ్వొద్దని చెప్పు."

అక్క వంగి, కళ్ళజోడు సర్దుకుని, ఆ మూలకేసి చూసింది. "తుప్పు పసుపుగా ఉంటుందా?"

"లైటుకు అలా కనిపిస్తోందిలే" అన్నాను. భయానికి కోపం తోడైంది. "ప్రశ్నలు బాగానే వేస్తున్నావే. నాన్న బండి గురించి అడిగినప్పుడు ఈ నోరు ఏమైంది?"

అక్క లారీని పెట్టెలో పెట్టుకుంది. "బరువేం లేదు, నేనే మోస్తాలే" అని వెళ్ళిపోయింది. తలుపు ధడాలున వేశాను.

ముప్పై ఏళ్ళ సభ రోజు రిసెప్షన్ నిండా డ్రైవర్లు, గుమాస్తాలు. పానా బాబాయిని కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. బల్ల మీద లారీ, పక్కన గాజు మూత, బావ గొంతు తడుపుకోవడానికి గ్లాసుతో నీళ్ళు. బావ కోతలు మొదలయ్యాయి.

"ఈ కిటికీ అంచు చూడండి. రంగు అరిగిపోయింది కదా? నా మోచెయ్యే అది! ఎండనక వాననక ఇక్కడే ఆనించి నడిపేవాణ్ణి."

నేను అరగదీసిన చోటు. నాన్న మోచెయ్యి. ఒళ్ళు మండిపోయింది, లేచి నిలబడ్డాను. నిలబడి ఏం చేశాను? నీళ్ళు నమిలాను. బావ నన్ను చూసి, "ఇది చేసింది మా మరదలే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పానా బాబాయి కొట్టలేదు, తల దించుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

అప్పుడు అక్క లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. బావ పైజేబులోంచి రుమాలు లాగింది. గ్లాసులో ముంచింది. లారీ డోరు మీద పెట్టి రుద్దింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?"

"దుమ్ముందండీ. మీకు పడదుగా" అంది, చెయ్యి ఆపకుండా.

కంపెనీ పేరు ముద్దయింది. నీలం రుమాలుకు అంటుకుంది. ఆకుపచ్చ తేలింది, దాని మీద వంకర పసుపు అక్షరాలు.

ముందున్న కుర్ర డ్రైవరు బిగ్గరగా చదివాడు. "నాన లారీ... అయ్యో, తప్పు పడిందే, ఒత్తు లేదు."

"దారిలో పడిపోయిందిలే నాయనా" అన్నాడు పానా బాబాయి.

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా వైపు వేలు చూపించి, "ఇది నీ పనేనా?" అని అరిచాడు.

"దాని పని కాదు" అంది అక్క. "నేను రాశాను. నా ఏడో ఏట. మీరు తుక్కుకు వేసిన మా నాన్న బండి మీద."

నేను అక్క దగ్గరికి వెళ్ళాను. మెచ్చుకోవాలనే వెళ్ళాను, నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"ఇప్పుడా చెప్పడం? వినాల్సినవాడు పోయి ఇన్నేళ్ళయ్యాక?"

"నువ్వు మాత్రం పైకి చెప్పావా?" అంది. "రంగు కింద దాచావు."

అక్క ఆ తడి రుమాలును నాలుగు మడతలు పెట్టి, నీలం పైకి కనపడేలా బావ తెల్లచొక్కా జేబులో తిరిగి పెట్టింది. మరక చూస్తూండగానే చొక్కాకు పాకింది. దానికి కారణం ఉంది.